గోల్ఫ్ కర్రలు వెనక కారులో

రెండో ప్రపంచ యుద్ధంలో, 1944 సెప్టెంబర్‌లో నెదర్లాండ్స్‌లోని ఆర్నెమ్‌కు బయల్దేరే ముందు బ్రిటిష్ పారాచూట్ దళపతి లెఫ్టినెంట్ కల్నల్ జాన్ ఫ్రాస్ట్ తన అర్దలీకి ఒక పని అప్పజెప్పాడు. గోల్ఫ్ కర్రలు, వేట తుపాకీ, విందులకు వేసుకునే కోటు సర్ది, తర్వాత రోడ్డు మీద వచ్చే కారులో పెట్టమన్నాడు. అక్కడి వంతెన పట్టుకుని రెండు రోజులు నిలబడితే చాలు, దక్షిణం నుంచి మన ట్యాంకులు వచ్చేస్తాయన్నది పైవాళ్ల లెక్క. ఆ కారు ఆర్నెమ్ చేరనే లేదు.

ఫ్రాస్ట్ పేరెత్తితే అందరూ ధైర్యం గురించే మాట్లాడతారు. ఆయన సర్వీసు వరసగా చూస్తే నాకు కనిపించేది వేరు. లెక్క తప్పేది పైన, బిల్లు కట్టేది కింద.

1912లో మన పుణెలోనే పుట్టాడు. ఇరవై ఏళ్లకు సైన్యంలో చేరాడు. 1942 ఫిబ్రవరి 27 రాత్రి ఫ్రాన్స్ తీరంలోని బ్రూనెవాల్ దగ్గర 120 మందితో పారాచూట్‌లతో దూకాడు. జర్మన్ల వూర్జ్‌బర్గ్ రాడార్ భాగాలు విప్పుకుని రావాలి. విమానం ఎక్కే ముందు అందరూ కప్పులకు కప్పులు టీ తాగారు. దాంతో శత్రుభూమి మీద మంచులో దిగగానే దళపతి చేసిన మొదటి పని ఒంటేలుకు వెళ్లడం! ఒక జట్టు ఎక్కడో దూరంగా పడింది, రేడియోలు పలకలేదు, పడవలు రావడం ఆలస్యమైంది. అయినా సామానుతో ఇంగ్లండ్ చేరారు. లక్ష్యం చిన్నది, తిరుగుదారి ముందే అనుకున్నది కాబట్టి గట్టెక్కారు.

అదే ఏడాది నవంబర్‌లో ట్యునీసియాలో ఆ దారి లేదు. తగలబెట్టాల్సిన ఎయిర్‌ఫీల్డ్‌లో విమానాలే లేవు. వచ్చి కలవాల్సిన సైన్యం రావట్లేదని రేడియోలో కబురు. పోరాడుతూ, నడుస్తూ వెనక్కి వచ్చేసరికి 250 మందికి పైగా తగ్గారు. ఇది చూశాకైనా ఎవరో ఒకరు కళ్లు తెరవాల్సింది.

తెరవలేదు. ఆర్నెమ్‌లో వంతెనకు పది కిలోమీటర్లకు పైగా దూరంలో దించారు. విమానాలు చాలక డివిజన్‌ను ఒకేసారి దించలేదు. ఫ్రాస్ట్ నది పక్క రోడ్డు పట్టుకుని చీకటి పడే వేళకు వంతెన ఉత్తరపు కొస చేరాడు. పది వేల మంది రెండు రోజులు నిలపాల్సిన చోటును సుమారు 740 మంది సెప్టెంబర్ 21 తెల్లవారే దాకా వదల్లేదు.

20 మధ్యాహ్నం మోర్టార్ దెబ్బకు ఫ్రాస్ట్ కాళ్లు గాయపడ్డాయి. నేలమాళిగలో గాయపడ్డవాళ్ల మధ్య ఆయన్నూ పడుకోబెట్టారు. మంటలు అంటుకోవడంతో రాత్రి కాసేపు కాల్పులు ఆపించి, గాయపడ్డవాళ్లను జర్మన్లకు అప్పగించారు. సరిగ్గా ఆ సాయంత్రమే, దక్షిణాన 17 కిలోమీటర్ల దూరంలో, ట్యాంకులు రావాల్సిన దారిలోని నైమెగన్ వంతెన మిత్రపక్షం చేతికొచ్చింది. దాటిన ట్యాంకులు ఆ రాత్రికి అక్కడే ఆగిపోయాయి. నైమెగన్‌లో వంతెన కన్నా ఆ పక్కనున్న గ్రూస్‌బీక్ గుట్టలే ముఖ్యమని ముందే నిర్ణయించింది కమాండర్లు. దీన్ని దురదృష్టం అనడం వాళ్లకు ఇచ్చే మినహాయింపు.

ఫ్రాస్ట్ 1968లో మేజర్ జనరల్‌గా రిటైరై పశువులు పెంచుకున్నాడు. ఆర్నెమ్ వంతెనకు తర్వాత ఆయన పేరు పెట్టారు. కాకపోతే ఇది ఆయన కాపాడిన వంతెన కాదు. దాన్ని 1944 అక్టోబర్‌లో మిత్రపక్షం విమానాలే కూల్చేశాయి. ఇప్పుడున్నది తర్వాత కట్టింది.