తోడేలని రాయి బావూ

హైవే పక్కన తోడేళ్ళ గుంపు ఒక అడవి గొర్రెను పట్టి చీలుస్తున్న కెనడా వీడియో ఈమధ్య మా గ్రూపులన్నిట్లో తిరుగుతోంది. కింద కామెంట్లు రెండే రకాలు. "కాల్చి పారెయ్యక కారులో కూర్చుని వీడియో తీస్తారా" అని కొందరు. "ప్రకృతి ధర్మం బ్రదర్, మధ్యలో మనమెవరం" అని మిగతావాళ్ళు. మొదటి బ్యాచ్‌కి కోపం ఎక్కువ, రెండో బ్యాచ్‌కి వేదాంతం ఎక్కువ. కొండ మీద ఉండాల్సిన గొర్రె రోడ్డు మీదకి ఎందుకొచ్చిందని అడిగినవాడు మాత్రం ఒక్కడూ లేడు.

ఉప్పు కోసం వస్తుంది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా అనే రాష్ట్రం ఉత్తరాన అలాస్కా హైవే ఉంది. 1942లో రెండో ప్రపంచ యుద్ధం అవసరాల కోసం అమెరికా సైన్యం అడవుల్లోంచి, కొండల్లోంచి వేసిన రోడ్డు. అక్కడి కొండల్లో స్టోన్ గొర్రెలని ఉంటాయి. నిటారు బండే వాటి ప్రాణానికి కాపలా. తోడేలు ఎంత పరుగుగలదైనా ఆ బండల మీద గొర్రెను అందుకోవడం కష్టం. కానీ రోడ్డు మీద మంచు కరగడానికి ఉప్పు జల్లుతారు, ఆ ఉప్పు నాకడానికి గొర్రెలు కిందికి దిగుతాయి. దిగాక చదునునేల. లారీ అయినా గుద్దుతుంది, తోడేలైనా పడుతుంది. పైగా చలికాలంలో మంచు తోడేసిన రోడ్డు తోడేళ్ళకి కూడా మంచి బాటే. మోకాలి లోతు మంచులో పడుతూ లేస్తూ పోయేది రోడ్డెక్కితే హాయిగా మైళ్ళకి మైళ్ళు నడుస్తుంది.

అదే రాష్ట్రంలో ప్రభుత్వం 2015 నుంచి హెలికాప్టర్లలో తిరిగి తోడేళ్ళను కాల్పిస్తోంది. గొర్రెల కోసం కాదు, క్యారిబూ అనే పెద్ద దుప్పి జాతి తగ్గిపోతోందని. వెయ్యికి పైగానే కాల్చారు. కాల్చితే పని జరగదని నేననను. తోడేళ్ళను తగ్గించిన చోట్ల క్యారిబూలు పెరిగాయి కూడా. కానీ కలప కోసం అడవి నరికి, చమురు కోసం అడవిలో గీతలు గీసినట్టు దారులు కోసి, ఆ దారుల్లోనే తోడేళ్ళు క్యారిబూల దాకా నడిచొచ్చాక, దారులు అలాగే ఉంచి తోడేళ్ళను కాలిస్తే ఏటేటా కాల్చుకుంటూ పోవాల్సిందే. అక్కడి దక్షిణ సెల్కిర్క్ కొండల క్యారిబూ మందలో అంత చేసినా 2018కి మూడు ఆడవే మిగిలాయి. 2019లో ఆఖరిదాన్ని పట్టుకుని వేరే చోటికి తరలించారు. మంద కథ అక్కడితో సరి.

అదే దేశంలో బాన్ఫ్ నేషనల్ పార్కు దగ్గర హైవేకి రెండువైపులా కంచె వేసి, జంతువులు దాటడానికి కింద సొరంగాలు, పైన వంతెనలు కట్టారు. బళ్ళు జంతువుల్ని గుద్దడం 80 శాతానికి పైగా తగ్గింది. అది వీడియోకి పనికొచ్చే విషయం కాదు కాబట్టి మన గ్రూపుల్లోకి రాదు.

సరే, కెనడా సంగతి మనకెందుకు అంటారా? నేను పశువుల డిపార్టుమెంటులో కింది మెట్టు ఉద్యోగిని. మన సిక్కోలు (శ్రీకాకుళం) జిల్లాలో ఎక్కడ గొర్రెలు చచ్చినా డాక్టరుగారి వెనక సంచీ మోసుకుంటూ వెళ్ళేవాడిని. అందుకే ఈ "ఎవరు చంపారు" అన్న ప్రశ్న నాకు కాలక్షేపం కబురు కాదు.

పేపర్లో జిల్లా పేజీ తిరగెయ్యండి. "గుర్తు తెలియని జంతువు దాడిలో గొర్రెలు మృతి." ఎన్నిసార్లు చదివుంటారు? ఆ గుర్తు తెలియని జంతువుని ఊళ్ళో అందరూ గుర్తుపడతారు. దాని పేరు కుక్క. పేపరుకే తెలీదు.

నాగావళి ఒడ్డున ఒక ఊళ్ళో జరిగింది చెబుతాను. కోతలయ్యాక పొలంలో మంద కట్టించారు. ఎరువు కోసం రైతు డబ్బులిచ్చి మంద కట్టించుకోవడం మన దగ్గర మామూలే. తెల్లారేసరికి వలదొడ్డి ఒకపక్క చిరిగి పడుంది. చచ్చినవి పది దాకా, కుంటుతున్నవి, చెవులు తెగినవి ఇంకొన్ని. ఒక మూల దొడ్డి కర్రలకి అదుముకుని ఊపిరాడక చచ్చినవి మూడు, వాటి మీద ఒక్క కాటు లేదు. చూడి గొర్రె ఒకటి ఈసుకుపోయి, అంటే కడుపు పోయి, పడుంది. మందగలాయన పెద్దమనిషి, నన్ను చూడగానే పక్కకి పిలిచి, "తోడేలని రాయి బావూ. కుక్కని రాస్తే నాకేటొస్తాది?" అన్నాడు.

డాక్టరుగారు తోలు వలిపించారు. పైన బొచ్చుకి ఏమీ కనబడదు, తోలు ఒలిస్తేనే కథ తెలుస్తుంది. బతికుండగా పడిన కాటు చుట్టూ రక్తం గడ్డకట్టి నల్లగా కమిలి ఉంటుంది. చచ్చాక ఏ నక్కో వచ్చి కొరికినచోట ఆ కమిలిన గుర్తు ఉండదు. ఇక్కడ కమిలినవన్నీ వెనక తొడలు, తోక మొదలు, చెవులు, ఒకదానికి పొదుగు. ఒక్కోదానికి ఐదారు చోట్ల, లోతు లేని కాట్లు, చిరుగులు. తిన్నది మాత్రం దాదాపు ఏమీ లేదు. ఇది తరుముతూ కొరికే పని. ఆకలి పని కాదు.

చిరుతైతే గొంతు దగ్గర కోరల గుంటలు లోతుగా దిగి, ఒకటో రెండో చచ్చి, అందులో ఒకటి పొదల్లోకి ఈడ్చుకుపోయి ఉంటుంది. తోడేలు కూడా దొడ్డిలో పడితే ఒకటికి రెండు చంపిన సందర్భాలు ఉన్నాయి గానీ, మామూలుగా అది తినడానికి వస్తుంది, తింటుంది లేదా మోసుకుపోతుంది. అంత మాంసం వదిలేసి పొద్దున్నే ఊరి టీకొట్టు ముందుకొచ్చి తోకాడిస్తూ పడుకోదు.

ఆయన తప్పు లేదు, ఆ మాట గట్టిగా చెప్పాలి. అడవి జంతువు చంపిందని తేలితే అటవీశాఖ నుంచి పరిహారం అడగడానికి ఒక దారుంది. ఊరకుక్క చంపితే దారే లేదు. బీమా కట్టి ఉంటే అదో మాట, ఎందరు కడుతున్నారో మీకూ తెలుసు. పంచాయతీకి పోతే కుక్కలు మావా అంటారు. అటవీశాఖవాళ్ళు మా జంతువు కాదంటారు. మేము పోస్టుమార్టం చేసి కాగితం చేతిలో పెడతాం. ఏడాది సంపాదన ఒక రాత్రిలో పోయిన మనిషి "తోడేలని రాయి బావూ" అనక ఏమంటాడు? అబద్ధమాడితేనే బతికేలా మనమే ఏర్పాటు చేసి, తర్వాత మందగలవాడు అబద్ధాలకోరు అంటే ఎలా?

ఆ అబద్ధానికి జంతువులు కట్టే జరిమానా ఇంకోటి. కాగితం మీద తోడేలు అని పడగానే ఊళ్ళో కుర్రాళ్ళకి ఉత్సాహం. ఉచ్చులు, కరెంటు తీగలు, పురుగులమందు పూసిన మాంసం ముక్కలు. ఆ ముక్కలు తినేది ఎక్కువగా తోడేలు కాదు, మన వైపు అది కనబడడమే అరుదు! నక్కలు చస్తాయి, పొలాల్లో ఎలుకల్ని ఏరుకుతినే నక్కలు. గద్దలు చస్తాయి. ఎవరో పెంచుకున్న కుక్క చస్తుంది. 2022లో లెక్క కట్టినప్పుడు దేశం మొత్తంలో మన తోడేళ్ళు సుమారు 3,100 ఉన్నాయన్నారు. అదే ఏడాది పులుల లెక్క 3,682. అంటే తోడేళ్ళు పులులకన్నా తక్కువ. మన రాష్ట్రంలో తోడేళ్ళని చూడాలంటే నంద్యాల వైపు రోళ్ళపాడు లాంటి గడ్డిమైదానాలకి పోవాలి. వన్యప్రాణుల చట్టంలో పులి ఏ షెడ్యూలులో ఉందో ఇదీ అదే, గట్టి రక్షణ ఉండే మొదటి షెడ్యూలులో ఉంది. పులికి ఉన్న అభిమానులు దీనికి లేరు, అంతే తేడా.

2023 చివర్లో ఒడిశా నుంచి పెద్దపులి మన జిల్లాలోకి వచ్చిందన్నప్పుడు నా ఫోనుకి వచ్చిన అడుగుల ఫోటోలు ఇప్పటికీ దాచాను. చాలావాటిలో వేళ్ళ ముందు గోళ్ళ గుర్తులు స్పష్టంగా ఉన్నాయి. పులి నడిచేటప్పుడు గోళ్ళు లోపలికి ముడుచుకుంటుంది నాయనా. గోళ్ళు కనబడ్డాయంటే ముందు కుక్కని అనుమానించాలి. ఎంత చెప్పినా వినరు, పులి అంటేనే వాళ్ళకి తృప్తి.

ఊళ్ళల్లో కుక్కలు ఇన్ని ఎలా అయ్యాయి అన్నది అసలు ప్రశ్న. ఆదివారం సాయంత్రం రణస్థలం నుంచి ఇచ్ఛాపురం దాకా 16వ నంబరు జాతీయ రహదారి మీద ఏ కల్వర్టు దగ్గరైనా బండి ఆపి ముక్కు మూసుకోకుండా ఐదు నిమిషాలు నిలబడండి. చికెన్ షాపుల పేగులు, తలకాయలు, ఈకలు మూటలు మూటలు. కుక్కలకి అది రోజూ పెళ్ళిభోజనం. గుంపులు కడతాయి, ఆ తిండితోనే ఈతలు ఈనతాయి, పిల్లలు బతుకుతాయి. ఏ రోజు మూట రాకపోతే ఆ రోజు పక్క పొలంలో మంద ఉంటుంది. అక్కడ ఉప్పు గొర్రెని రోడ్డుకి దించితే ఇక్కడ చికెన్ వ్యర్థం కుక్కని రోడ్డుకి కట్టేసింది.

మంద కూడా రోడ్డు దగ్గరికే ఎందుకొస్తుందంటే, మేపడానికి వేరే చోటు ఎక్కడుంది? బంజర్లు లేఅవుట్లయ్యాయి, మెట్టలు నీలగిరీ సరుగుడూ అయ్యాయి, తీరం వైపు రొయ్యల చెరువులయ్యాయి. మిగిలిన పచ్చిక హైవే గట్టు మీదే. కాపరి కర్ర అడ్డంపెట్టి మందని దాటిస్తుంటే కార్లవాళ్ళు హారను కొట్టి తిడతారు. లారీ కింద పడిన గొర్రెకి కూడా డబ్బులిచ్చేవాడు ఉండడు, నంబరు రాసుకునేలోపు లారీ పలాస దాటేస్తుంది.

మా చిన్నాన్న కొడుకు ఆర్మీలో లద్దాఖ్‌లో చేసి వచ్చాడు. అక్కడ ఉరియల్, నయన్ అని అసలైన అడవి గొర్రెలున్నాయి, తోడేళ్ళూ ఉన్నాయి. వెనకటి రోజుల్లో పశువులకాపరులు రాళ్ళతో గొయ్యి కట్టి, లోపల మేకను ఎరగా పెట్టి తోడేళ్ళను పట్టి చంపేవారట. ఇప్పుడు తోడేలుకన్నా కుక్కలే పెద్ద తలనొప్పి అంటాడు వాడు. క్యాంపుల చెత్త, టూరిస్టుల చెత్త తిని బలిసిన గుంపులు పష్మీనా మేకల్నీ తరుముతాయి, అడవి జంతువుల్నీ తరుముతాయి. తోడేలుతో జతకట్టి పుట్టిన సంకరానికి అక్కడ వేరే పేరే పెట్టుకున్నారు. సముద్రమట్టానికి పన్నెండువేల అడుగుల పైన ఏ కథో, మన సముద్రం ఒడ్డున కూడా అదే కథ. తాబేళ్ళు ఇసుకలో గుడ్లు పెట్టిపోతే కుక్కలూ నక్కలూ తవ్వుకు తింటాయని గుడ్లని ఏరి కంచె వేసిన హ్యాచరీల్లోకి మార్చాల్సి వస్తోంది మన దగ్గర.

కుక్కల్ని చంపమంటున్నావా అని మీద పడేవాళ్ళకి ముందే చెబుతున్నాను, అనడం లేదు. చట్టమూ ఒప్పుకోదు, చంపినా మూటలున్నంతకాలం కొత్త గుంపు దిగుతుంది. కెనడావాళ్ళకి తోడేళ్ళతో జరిగిందే మనకి కుక్కలతో జరుగుతుంది. వీధికుక్కల మీద కేంద్రం పెట్టిన 2023 నిబంధనల ప్రకారం పిల్లలు పుట్టకుండా ఆపరేషన్, రేబిస్ టీకా, తిరిగి వదలడం స్థానిక సంస్థల బాధ్యత. బాగుంది. వీధిలైటు బల్బు మార్చడానికి బిల్లు పెట్టి ఆరునెలలు ఎదురుచూసే పంచాయతీ కుక్కకి ఆపరేషన్ ఎక్కడ చేయిస్తుంది, ఏ థియేటర్‌లో? బాధ్యత రాసినవాళ్ళే డబ్బు కూడా రాసుంటే బాగుండేది.

నేనడిగేది చాలా చిన్నది. చంపింది తోడేలా, చిరుతా, కుక్కా అన్నదానితో సంబంధం లేకుండా పోస్టుమార్టం కాగితం మీద కాపరికి పరిహారం ఇవ్వండి. ఆ ఒక్కటి చేస్తే సగం తోడేళ్ళు కాగితాల మీంచి మాయమైపోతాయి. అప్పుడు నిజంగా ఏ మండలంలో ఏది చంపుతోందో లెక్క తేలుతుంది. లెక్క తేలితే ఎక్కడ వల కావాలో, ఎక్కడ బోను కావాలో, ఎక్కడ చికెన్ షాపు వాడికి జరిమానా కావాలో మాట్లాడుకోవచ్చు. ఆ పెద్దమనిషికి మా కాగితం మీద "కుక్కల దాడి" అనే రాశాం. రాసినందుకు ఆయన నాతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడడు. ఆయనకి మా కాగితంతో ఒక్క రూపాయి రాలేదు.

ఈ పోస్టు చదివే కాపరులకీ, వాళ్ళ పిల్లలకీ: మంద మీద దాడి జరిగితే చచ్చినవాటిని కదపకండి, పూడ్చకండి, ముందు కబురు పెట్టండి. మేమొచ్చేలోపు ఎండ ఎక్కితే గోనెలు కప్పండి. అడుగులు కనబడితే పక్కన అగ్గిపెట్టె పెట్టి ఫోటో తీయండి, సైజు తెలుస్తుంది. గాయపడినవాటిని విడిగా కట్టండి. కొరికిన కుక్కకి రేబిస్ ఉండొచ్చు, ఆ గొర్రెల నోట్లో చెయ్యి పెట్టొద్దు, గాయాలు సబ్బునీళ్ళతో కడిగేటప్పుడు చేతులకి కవర్లు తొడుక్కోండి, మిమ్మల్ని కూడా ఏదైనా కరిచి ఉంటే మాకోసం ఆగకుండా ఆసుపత్రికి పోయి సూది వేయించుకోండి.