లోపలి టైరు

మా బావమరిది బుకింగూ ప్లానూ ఏమీ లేకుండా, రోడ్డు మీద చెయ్యి ఊపుకుంటూ లడఖ్ దాకా వెళ్లొచ్చాడు. "నువ్వూ ఉన్నావు బావా, టికెట్ కన్ఫర్మ్ అయితే గానీ చెప్పులేసుకోవు" అని భోజనాల దగ్గర అందరి ముందూ అన్నాడు. దాంతో నిన్న తెల్లవారుజామునే విజయవాడకి నేనూ అలాగే బయల్దేరాను.

కొర్లపహాడ్ టోల్ గేటు దాకా ఎలా చేరానో వదిలేయండి. ఈ హైదరాబాద్-విజయవాడ రోడ్డు 9వ నంబరు హైవేగా ఉన్న రోజుల్లో (ఇప్పుడు 65) మా నాన్న లారీల్లోనే తిరిగేవారు. డ్రైవరు చేతిలో అయిదో పదో పెడితే క్యాబిన్‌లో చోటు. అప్పుడు భయమంతా ఎక్కినవాడిదే. డ్రైవరు తాగాడేమో, నిద్రపోతాడేమో, చీకట్లో దింపేసి సంచీ పట్టుకుపోతాడేమో! ఇప్పుడు భయం బండి నడిపేవాడిది. బైకు వాళ్లు రెండో హెల్మెట్ లేదంటారు. కారు వాళ్లు అద్దం కూడా దించరు. టోల్ దగ్గర లారీలు క్యూ కడతాయి, మెల్లగా అడగొచ్చు అనుకుంటే, 2021లో ఫాస్టాగ్ తప్పనిసరి చేశాక ఆ ముచ్చటా లేదు. నోరు తెరిచేలోపు గేటు లేస్తుంది.

టీ తాగుతున్న ఒక లారీ డ్రైవరు జాలిపడి "సూర్యాపేట దాకా ఎక్కు సారూ" అన్నాడు. ఎక్కి కూర్చున్నానో లేదో, అద్దం దగ్గర్నుంచి గొంతు: "ఎవడ్రా పక్కన?"

నేను ఆంజనేయస్వామిని తలుచుకున్నాను. డ్రైవరు మాత్రం అద్దానికి అంటించిన చిన్న కెమెరా కేసి చూసి, "కొత్త క్లీనర్ సార్" అన్నాడు. ఓనరు విజయవాడలో ఇంట్లో కూర్చుని ఫోన్లో మమ్మల్ని చూస్తున్నాడట. అందులోంచే తిడతాడట కూడా.

"క్లీనరుకి ఇస్త్రీ చొక్కా ఏంట్రా? ఒళ్లో ల్యాప్‌టాప్ బ్యాగేంటి?"

"డిగ్రీ చదివిండు సార్. ఉద్యోగం దొరకలే."

నాకు యాభై దగ్గరపడుతోంది. ఆ మాటకి ఓనరు గొంతు మెత్తబడటం నాకు మరీ అవమానంగా అనిపించింది. "సరే, దిగి టైర్లు కొట్టి చూడమను. వీడియో కాల్‌లో చూపించు."

చేతికి ఇనపరాడ్డు వచ్చింది. పన్నెండు టైర్ల లారీ. బ్యాగ్ క్యాబిన్‌లో వదిలే ధైర్యం లేక మెడలో వేసుకున్నాను. డ్రైవరు ఫోన్ పట్టుకుని వెంట వస్తున్నాడు. టీ కొట్టు జనం గ్లాసులతో సహా వచ్చి నిలబడ్డారు. ముందువి నాలుగూ పుచ్చకాయని చూసినట్టు మర్యాదగా తట్టాను. "గట్టిగా కొట్టు బాబూ" అంది ఫోను. వెనకవి జంట టైర్లు. లోపలిది అందాలంటే మోకాళ్ల మీద వంగి రాడ్డు దూర్చాలి. వంగాను. చొక్కాకి గ్రీజు అంటింది. బ్యాగ్ బురదలో ఆనింది. కానీ చెవి మాత్రం పని నేర్చేసుకుంది. మంచి టైరు మీద రాడ్డు ఎగిరి పడుతుంది, గాలి తగ్గిన దాని మీద దబ్బుమని ఆగిపోతుంది.

"సార్! ఇది దబ్బుమంటోంది!" అని అరిచాను. టీ కొట్టులో ఎవరో చప్పట్లు కొట్టారు.

"శభాష్! ఇదివరకటి వెధవ బయటివే కొట్టేవాడు. గాలి పెట్టించందే బండి కదలకూడదు."

పంచరు షాపు ఇంకా తెరవలేదు. డ్రైవరు రాడ్డు లాక్కుని, ఫోనుకి అరచెయ్యి అడ్డం పెట్టి, "లోపలి టైరు ఎవడు చెప్పమన్నడు సారూ నిన్ను? జర అటు పోయి నిలబడు, బస్సులొస్తయ్" అన్నాడు.

ఆ చేతి కిందనుంచి ఓనరు అంటూనే ఉన్నాడు: "ఆ కుర్రాణ్ణి పోనివ్వకురా! రోజు బ్యాటా ఎంత అడుగుతున్నాడో కనుక్కో."