గడప దగ్గరికే నిర్బంధం

పింఛను గడప దగ్గరికే వస్తున్న రాష్ట్రంలో అరెస్టు కోసం పౌరుడు స్టేషన్ దాకా వెళ్లడమేమిటి? ఆ లోటూ తీరింది. విశాఖలో జీవీఎంసీ (నగరపాలక సంస్థ) గాంధీ విగ్రహం దగ్గర పదింటికి ధర్నా అంటే, అయిదింటికే ఎంవీపీ కాలనీలో మీ గేటు ముందు పోలీసు జీపు. ఇక గడప దాటనివ్వరు, అదే గృహనిర్బంధం.

ఈ సేవకు ప్రాణం ఒక్కటే: కాగితం ఇవ్వకపోవడం. బీఎన్‌ఎస్‌ఎస్ (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 170 కింద ముందస్తు అరెస్టు చూపిస్తే చిక్కులు మొదలవుతాయి. కాగ్నిజబుల్ నేరానికి, అంటే వారెంటు లేకుండా అరెస్టు చేయగల నేరానికి, పథకం ఉందని పోలీసులకు తెలిసుండాలి, అరెస్టు తప్ప దారి లేకపోవాలి, 24 గంటలు దాటకూడదు. పైగా కారణం చెప్పమంటుంది రాజ్యాంగం 22వ అధికరణ. అందుకే, "అబ్బే, అరెస్టు కాదండీ, మీ భద్రత కోసమే." అరెస్టే కానప్పుడు గంటలు లెక్కపెట్టేదెవరు? మరీ గట్టిగా అడిగితే అదే చట్టం సెక్షన్ 168 కింద నోటీసు. నేరాన్ని ఆపమంటుందే గానీ మనిషిని ఇంట్లో పెట్టి కాపలా కాయమని ఆ సెక్షన్‌లో లేదు. ఉందనుకోవడం మర్యాద.

కాగితం ఎంత చేటో ప్రభుత్వానికి అనుభవమే. రోడ్ల మీద సభలు వద్దంటూ 2023 జనవరిలో జీవో 1 ఇచ్చారు, మేలో హైకోర్టు కొట్టేసింది. నోటిమాటగా చెప్పుంటే ఏ కోర్టు కొట్టేసేది? ఆ జీవోకు ఆధారం 1861 పోలీసు చట్టం సెక్షన్ 30. సిపాయిల తిరుగుబాటు చూసి జడుసుకున్న దొరలు రాసుకున్నది. పాపం, వాళ్లు కూడా ఊరేగింపును క్రమబద్ధం చేయమన్నారు, మానిపించమనలేదు.

అనుమతి దరఖాస్తు తీసుకుంటారు. రసీదు అడిగితే స్టేషన్‌లో రాతపని చూసే రైటర్ భోజనానికి వెళ్లుంటాడు. తిరస్కరణ ముందురోజు రాత్రి వస్తుంది, కారణం ట్రాఫిక్. హైకోర్టు అమరావతిలో, మీరు విశాఖలో. అయినా ధర్నా చేస్తే నిషేధాజ్ఞ ఉల్లంఘన కేసు, బీఎన్‌ఎస్ (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 223. అది చెల్లాలంటే ఆజ్ఞ ఇచ్చిన అధికారో, ఆయన పైఅధికారో స్వయంగా కోర్టుకు రాతపూర్వక ఫిర్యాదు ఇవ్వాలి. ఎస్సై చార్జిషీటు వేస్తే నిలవదు. నిలవక్కర్లేదు కూడా, వాయిదాలకు తిప్పడానికి అది చాలు.

ఇంత చక్కటి ఏర్పాటును చెడగొట్టే అల్లరి పౌరులూ ఉన్నారు. గేటు దగ్గరి కానిస్టేబుల్‌కు టీ ఇస్తూనే వీడియో తీస్తారు, టైము పైకి చదువుతారు. జనరల్ డైరీ (స్టేషన్‌లో రోజువారీ సంగతులు రాసే పుస్తకం) నంబరు అడుగుతారు. నోటీసు మీద "అందింది, అంగీకరించను" అని రాసి సంతకం చేస్తారు. రేపు రిట్ పిటిషన్‌కు జతపరిచేవి ఇవే. ఇలాంటివాళ్ల ఇంటికి ఈసారి ఇద్దరు కానిస్టేబుళ్లను వేయాలి. టీ ఎటూ వాళ్ల ఖర్చే.