గబ్బిలాలు దూరే సందు మూయకండి

గబ్బిలాలు కనిపించగానే ఇంటి కప్పు సందులు మూసేయమని ఒక వ్యాసంలో రాశారు. ఇంగ్లాండులో ఉండే మనవాళ్లు మాత్రం ఆ పని చేయకండి. 1981 నాటి వన్యప్రాణి చట్టం ప్రకారం ఇక్కడ అది నేరం, అవి లేని నెలల్లో మూసినా సరే.

మా ఇంటి పెంకుల కింద చేరేవి పిపిస్ట్రెల్ రకం. బరువు 5 గ్రాములు, వేలు పట్టేంత సందు ఉంటే చాలు, దూరిపోతాయి. మే నెలలో ఆడవన్నీ గుంపుగా చేరి, జూన్, జూలైల్లో తలా ఒక పిల్లను కంటాయి. అప్పుడు సందు మూస్తే తల్లులు బయట, పిల్లలు లోపల! ఆ కంపు ఎవరు భరిస్తారు? ఆగస్టు, సెప్టెంబరుకల్లా చాలావరకు వాటంతటవే వెళ్లిపోతాయి. నవంబరు నుంచి మార్చి దాకా వేరే చోట చలికాలపు నిద్ర.

గోడవారన నల్లటి గింజల్లాంటి పెంట కనిపిస్తే టిష్యూలో పెట్టి నలపండి. పొడిపొడిగా రాలితే గబ్బిలానిది, గట్టిగా ఉంటే ఎలుకది. ఎలుకైతేనే టెన్షన్ పడాలి, వైర్లు కొరికేది అదే. (ఇంట్లో గబ్బిలాలుంటే అరిష్టమని మా అత్తయ్య రోజూ ఫోన్లో పోరుతూనే ఉంది, అది వేరే సంగతి.)

గబ్బిలం గదిలోకి వస్తే లైటు ఆర్పి కిటికీ బార్లా తెరవండి. ఒట్టి చేత్తో మాత్రం పట్టుకోకండి, అరుదుగా రేబిస్ జాతి వైరస్ ఉంటుంది. మిగతా అనుమానాలకు గబ్బిలాల సంరక్షణ సంస్థ బ్యాట్ కన్జర్వేషన్ ట్రస్ట్ హెల్ప్‌లైన్ ఉంది.