ఈసీజీ నార్మల్ అంటే గుండె బాగుందని కాదు

ఛాతీ నొప్పి అని వచ్చిన మనిషికి ఒక్క ఈసీజీ తీసి, "నార్మల్‌గానే ఉందండీ, గ్యాస్ నొప్పి" అంటూ ఎసిడిటీ ఇంజెక్షన్ వేసి ఇంటికి పంపేయడం మన క్లినిక్కుల్లో ఇకనైనా ఆగాలి. గుండెపోటు మొదలైన తొలి గంటలో ఈసీజీలో ఏమీ తేలకపోవచ్చు. ఆ కాగితం చెప్పేది అది తీసిన ఆ కొన్ని సెకన్ల సంగతి మాత్రమే.

మనిషి లోపలికి వచ్చిన 10 నిమిషాల్లో మొదటి ఈసీజీ తీయాలి. నొప్పి తగ్గకపోతే 15 నుంచి 30 నిమిషాలకోసారి మళ్లీ తీయాలి. ప్రతి కాగితం మీదా టైము రాయాలి, నొప్పి ఉందో లేదో కూడా రాయాలి. ఇంట్లో పాత ఈసీజీ ఉంటే తెప్పించి పక్కన పెట్టి చూడాలి. షుగరు ఉన్నవాళ్లలో, ఆడవాళ్లలో, పెద్ద వయసువాళ్లలో నొప్పే లేకుండా ఆయాసం, చెమటలు, పొట్ట పైభాగంలో మంట మాత్రమే ఉండొచ్చు. వాళ్లకూ ఇదే పద్ధతి.

తీయడంలోనే సగం తప్పులు జరుగుతున్నాయి. ఛాతీ మీద అంటించే ఎలక్ట్రోడ్లలో వి1, వి2 అనేవాటిని నాలుగో పక్కటెముకల సందులో, రొమ్ము ఎముకకు చెరోవైపు పెట్టాలి. హడావుడిలో రెండో సందులో అంటిస్తారు. అప్పుడు లేని మార్పులు కనబడతాయి, పాత గుండెపోటేమో అన్న అనుమానమూ వస్తుంది. వి2లో పి తరంగం (ప్రతి గుండె చప్పుడుకు గీతలో ముందుగా వచ్చే చిన్న గుబ్బ) తలకిందులైతే ముందు ఎలక్ట్రోడ్ ఎక్కడుందో చూడండి. లీడ్ 1లో (రెండు చేతుల వైర్ల మధ్య తీసే గీతలో) తరంగాలన్నీ తలకిందులైతే చేతుల వైర్లు మారాయేమో చూడండి. కాగితం స్పీడు సెకనుకు 25 మి.మీ., ఎత్తు ఒక మిల్లీవోల్టుకు 10 మి.మీ. ఉన్నాయా అన్నది కూడా చూడండి. మెషీన్ పైన అచ్చేసే "నార్మల్" అన్న మాటను నమ్మి సంతకం పెట్టడం మాత్రం క్షమించరానిది.

ఈసీజీ చూసేటప్పుడు గుండె ఎడమ పక్క పైభాగాన్ని చూపే లీడ్ ఏవీఎల్‌ను వదలొద్దు. గుండె కింది గోడ దెబ్బతింటున్నప్పుడు, దాన్ని చూపే లీడ్ 2, 3, ఏవీఎఫ్‌లలో ఎస్‌టీ (పెద్ద తరంగం తర్వాతి గీత భాగం) పైకి లేవకముందే, ఏవీఎల్‌లో కిందికి దిగడం కనబడొచ్చు. వి1 నుంచి వి3 వరకు ఎస్‌టీ దిగి ఉంటే వీపు మీద, ఎడమ భుజపుటెముక కింద, వి7 నుంచి వి9 వరకు పెట్టి తీయాలి. అక్కడ అర మిల్లీమీటరు లేచినా లెక్కలోకి వస్తుంది. కింది గోడ గుండెపోటైతే వి4ను ఛాతీ కుడివైపు పెట్టి కూడా తీయాలి. కుడి జఠరిక (గుండె కుడివైపు కింది గది) దెబ్బతిన్నవాళ్లకు నాలుక కింద సార్బిట్రేట్ (రక్తనాళాలను వెడల్పు చేసే మాత్ర) పెడితే బీపీ అమాంతం పడిపోవచ్చు. చాలామంది చూడకుండానే పెట్టేస్తున్నారు.

గుండెపోటు అనుమానముంటే, ఎలర్జీ, రక్తస్రావం లేనివాళ్లకు ఆస్పిరిన్ 300 నుంచి 325 మి.గ్రా. నమిలించాలి. పైపూత ఉన్న మాత్ర మింగిస్తే పని మొదలవడానికి ఆలస్యమవుతుంది. ట్రోపోనిన్ కార్డు (గుండె కండరం దెబ్బతిన్నదా అని చూసే రక్తపరీక్ష) కోసం మనిషిని క్లినిక్‌లో కూర్చోబెట్టకండి, తొలి గంటల్లో అది నెగెటివ్ రావచ్చు. ఎస్‌టీ లేచిందని తేలితే 120 నిమిషాల్లో యాంజియోప్లాస్టీ అందే చోటికి పంపాలి. అంతలోపు చేరలేనంత దూరమైతే, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇచ్చే దగ్గరి ఆసుపత్రికి పంపాలి. సొంత బండి మీద కాదు, 108లో. ఈసీజీ ఫోటో ముందే డ్యూటీ డాక్టరుకు వాట్సాప్‌లో వెళ్లాలి, నొప్పి ఎన్ని గంటలకు మొదలైందో, ఏయే మందులిచ్చారో దాని కింద రాసి.