ప్రీక్‌నెస్ ఒక్కటే చెబితే ఎలా?

అమెరికాలో జరిగే ప్రీక్‌నెస్ గుర్రప్పందెం, అందులోనూ 1989 రేసు గురించి మీ వ్యాసంలో బాగా రాశారు. చివరి మలుపు దాటాక సండే సైలెన్స్, ఈజీ గోయర్ అనే రెండు గుర్రాలూ భుజం భుజం రాసుకుంటూ పరుగెత్తి, ముక్కు తేడాతో సండే సైలెన్స్ గెలిచిన రేసు అది. ఇప్పుడు చూసినా టెన్షనే! కానీ సండే సైలెన్స్ కథను, ఆ తర్వాతి బెల్మాంట్ రేసులో ఈజీ గోయర్ చేతిలో ఓటమితో ఆపేయడం నాకు నచ్చలేదు. అదే ఏడాది బ్రీడర్స్ కప్ క్లాసిక్ రేసులో సండే సైలెన్స్ మళ్లీ ఈజీ గోయర్‌ను ఓడించింది కదా. మొత్తం 14 పరుగుల్లో 9 గెలుపులు, మిగిలిన అయిదూ రెండో స్థానమే.

అసలు కథ ఆ తర్వాతే. వెనక కాళ్లు లోపలికి వంకర తిరిగి ఉంటాయనో, వంశం గొప్పది కాదనో దాన్ని సంతతి కోసం తీసుకోవడానికి అమెరికా బ్రీడర్లు (గుర్రాల పెంపకందారులు) పెద్దగా ముందుకు రాలేదు. జపాన్‌కు చెందిన జెన్యా యోషిదా కొనుక్కుని హొక్కైడో తీసుకెళ్లారు. 1995 నుంచి 2007 వరకు వరుసగా 13 ఏళ్లు అక్కడ నంబర్ వన్ సైర్ (సంతతినిచ్చే మగ గుర్రం) అదే. 2002లోనే చనిపోయినా పిల్లలు గెలుస్తూనే ఉన్నాయి. 2005లో జపాన్ ట్రిపుల్ క్రౌన్ (మూడు పెద్ద రేసులు) కొట్టిన డీప్ ఇంపాక్ట్ దాని కొడుకే. ఆ డీప్ ఇంపాక్ట్ కొడుకు ఆగస్ట్ రోడిన్ 2023లో ఇంగ్లండ్‌లోని ఎప్సమ్ డర్బీ రేసు గెలిచింది. వద్దనుకున్న అమెరికా బ్రీడర్లు నాలుక కరుచుకునే ఉంటారు!