ఫ్రీ షో అనే శాంతిభద్రతల సమస్య

పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో బొయీ అనే చిత్రకారుడి పెయింటింగ్ ఒకటుంది. 1819 నాటిది. బూల్వార్ ద్యు తాంప్ల్ అనే వీధిలో ఉన్న అంబిగ్యూ-కామిక్ థియేటర్‌లో ఆ రోజు నాటకం ఉచితం. తలుపేమో ఇరుకు, జనమేమో జాతర. ఒకరినొకరు తోసుకుంటూ, తలల మీదుగా ఎక్కి మరీ లోపలికి దూరుతున్నారు. క్రమశిక్షణే ప్రాణంగా బతికే నాలాంటివాడికి ఆ బొమ్మ చూస్తే బీపీ పెరుగుతుంది.

రాజుగారి పండగలాంటి రోజుల్లో ప్రజలకు నాటకం ఫ్రీగా చూపించడం అక్కడి ఆనవాయితీ. ఇంకో తలుపు తెరిస్తే పోయేది కదా అని గిట్టనివాళ్లు అంటారు. భలేవారే! తలుపులు ఎక్కువైతే జనం ఎగబడేదెలా? ఎగబడకపోతే ‘ఊరికే ఇస్తే ఇంతేనండీ’ అని పెద్దమనుషులు నిట్టూర్చేదెప్పుడు? బొమ్మలో ఓ పక్కన మంచి బట్టలేసుకుని తీరిగ్గా చూస్తున్నవాళ్లూ ఉన్నారు. అసలు ఉచిత ప్రదర్శన వాళ్లకే దక్కింది.

అదే ఏడాది జెరికో అనే మరో చిత్రకారుడు, ఓడ మునిగి తెప్ప మీద ఒకరిపై ఒకరు పడి ఉన్న మనుషుల్ని ఏడు మీటర్ల వెడల్పున చూపించాడు. దాన్ని మహా విషాదం అంటాం. బొయీది మీటరు కూడా లేదు కాబట్టి సరదా దృశ్యం.

మన థియేటర్ ఉన్న వీధికి అప్పట్లో ‘నేరాల వీధి’ అని పేరు. రికార్డు చూద్దామని పోలీస్ స్టేషన్‌కి పరిగెత్తకండి. హత్యలూ విషప్రయోగాలూ అన్నీ స్టేజీ మీదే, రోజూ రాత్రి.

నా మనసుకు నచ్చిన బొమ్మ వేరే ఉంది. ఇదే థియేటర్‌కి ఒకప్పుడు తెరలు గీసిన, ఫోటోగ్రఫీని కనిపెట్టినవాళ్లలో ఒకడైన డాగెర్ 1838లో ఇదే వీధిని ఫోటో తీశాడు. ప్లేటు మీద బొమ్మ పడటానికి నిమిషాలు పట్టేది కాబట్టి బళ్లు, బేరాలు, జనం, కదిలినదల్లా మాయం. బూట్లు పాలిష్ చేయించుకుంటూ కదలకుండా నిలబడ్డ ఒకాయన మాత్రం స్పష్టంగా మిగిలాడు. ఆదర్శ పౌరుడు!

పాలకులకూ ఈ ఫోటో నచ్చినట్టే ఉంది. 1862లో, పారిస్‌ని పడగొట్టి కొత్తగా కట్టించిన అధికారి ఓస్మాన్ దొరగారు అక్కడి థియేటర్లలో చాలావాటిని కూలగొట్టించారు. డాగెర్ డయోరామా (పెద్ద బొమ్మల మీద వెలుతురు మారుస్తూ చూపించే ప్రదర్శనశాల) ఉండిన చోట అప్పటికే సైనిక బారక్స్ లేచింది. వేల మంది పట్టే భవనం, లోపలికి ప్రవేశం ఉచితం, అయినా తోపులాట లేదు.